జయపురం, జైపూర్: ఒక్క అక్షరం తేడా

(మన ట్రస్టు స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



ఇంగ్లీషులో ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే మాటల గురించి పిల్లలకు నాలుగు ముక్కలు చెప్పమని ట్రస్టువారు అడిగారు. నేను ఇంగ్లీషు మాస్టారిని కాను. బి.కాం. చదివి 1982లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను, 2020లో రిటైరయ్యాను. షేక్‌స్పియర్ నాటకాల గురించి అడిగితే నాకేమీ తెలియదు. కానీ ముప్పై ఎనిమిదేళ్లు కౌంటరు వెనక కూర్చుని జనం నింపిన ఫారాలు చదివాను. ఒక మాట ఉండాల్సిన చోట ఇంకో మాట పడితే ఏమవుతుందో అక్కడ చూశాను. చాలాసార్లు ఆ తప్పు ఎదుటివాళ్లది. ఒకసారి నాది. ముందు నాది చెప్పేస్తాను.

చెప్పేముందు ఇంకో సంగతి. ఈ ప్రసంగాన్ని బులెటిన్‌లో వేస్తామన్నారు. ఇంగ్లీషు మాటలు తెలుగు లిపిలో అచ్చువేస్తే వేర్వేరు స్పెల్లింగులు కూడా ఒకేలా కనిపిస్తాయి. అందుకని అవసరమైన చోట అక్షరాలు విడివిడిగా చెప్తాను. పిల్లలు పక్కన కాగితం పెట్టుకుని రాసుకోండి.

1984 జూన్ నెల. నేను రాయగడలో పనిచేస్తున్నాను. మాది పార్వతీపురం దగ్గర పల్లెటూరు, ఈ కొండ ప్రాంతానికి కొత్త. కాగితం మిల్లులో పనిచేసే మన తెలుగాయన ఒకాయన కౌంటరు దగ్గరకు వచ్చాడు. కొడుకు మెట్రిక్ పాసయ్యాడు. జయపురంలో ఒక కోర్సుకు దరఖాస్తు పెట్టాలి, దానికి డ్రాఫ్టు జతచేయాలి. ఆయనకు ఇంగ్లీషు రాయడం రాదు. ఫారం నేనే నింపాను. "ఏ ఊరి మీద?" అని అడిగాను. "జయపురం బాబుగారూ" అన్నాడు. నేను జె ఎ ఐ పి యు ఆర్ అని రాశాను. ఆ రోజు మిల్లు జీతాల రద్దీ. సంతకం పెట్టినవాళ్లూ చూసుకోలేదు. ఆయన డ్రాఫ్టు మడిచి జేబులో పెట్టుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

నేను రాసింది రాజస్థాన్ జైపూర్. మన జయపురాన్ని ఇంగ్లీషులో జె ఇ వై పి ఓ ఆర్ ఇ అని రాయాలి. రెంటికీ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైనే ఉంది.

మూడు వారాల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు, ఈసారి కొడుకుని వెంటబెట్టుకుని. దరఖాస్తు తిరిగి వచ్చింది. డ్రాఫ్టు ఇక్కడ చెల్లదని చిన్న కాగితం ముక్క గుచ్చి ఉంది. ఆఖరి తేదీ దాటిపోయింది. ఆయన కేకలు వేస్తే నాకు బాగుండేది. "ఏటి బాబుగారూ, అచ్చరం తప్పా?" అని మాత్రం అడిగాడు. పది నిమిషాల్లో ఆ డ్రాఫ్టు రద్దుచేసి డబ్బు తిరిగి ఇచ్చాను. డబ్బు తిరిగి ఇవ్వగలిగాను గానీ ఆ ఏడాదిని ఇవ్వలేకపోయాను. కుర్రాడు ఆ సంవత్సరమంతా సైకిల్ షాపులో పంక్చర్లు వేశాడు. నేను బ్యాంకుకి వెళ్లే దారిలోనే ఆ షాపు. మరుసటి జూన్‌లో మళ్లీ దరఖాస్తు పెట్టారు, సీటు వచ్చింది, చదువుకున్నాడు. కానీ ఆ తండ్రి ఆ తర్వాత ఎప్పుడు డ్రాఫ్టు తీసుకున్నా కౌంటరు వదిలేవాడు కాదు. ఊరి పేరు మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం నా చేత చదివించుకుని అప్పుడు కదిలేవాడు.

ఈ జయపురం, జైపూర్ గోల నా ఒక్కడిదే అనుకోకండి. కొరాపుట్, రాయగడ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు ఇటు కలిసింది. 1992 అక్టోబరు 2న కొరాపుట్ నుంచి రాయగడ వేరే జిల్లా అయింది. మద్రాసు దొరలు రాసిన స్పెల్లింగే జయపురానికి నిలిచిపోయింది. తమాషా ఏమిటంటే, ఆ కాలంలో రాజస్థాన్ జైపూర్‌ను కూడా ఇంగ్లీషు పుస్తకాల్లో జె ఇ వై పి ఓ ఆర్ ఇ అనే రాసేవారు. తర్వాత వాళ్లు మార్చుకున్నారు, మనం మార్చుకోలేదు. ఆ తేడాయే ఇప్పుడు మనకు ఆధారం. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన విక్రమదేవ వర్మగారు ఈ జయపురం మహారాజే. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. తెలుగులో "జైపూర్ మహారాజు" అని రాయడం వల్ల ఆయన్ని రాజస్థాన్ రాజు అనుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఒడిశాలోనే జాజ్‌పూర్ ఇంకొకటి ఉంది. రాయగడకూ ఇదే కష్టం. ఛత్తీస్‌గఢ్‌లో ఒక రాయగఢ్, మహారాష్ట్రలో శివాజీ కోట ఉన్న రాయగడ్. మన ఉత్తరాలు ఎన్ని ఊళ్లు తిరిగి వచ్చాయో తపాలావాళ్లకే తెలియాలి.

సరే, ఊళ్ల పేర్లు వదిలి మాటల దగ్గరకు వద్దాం.

రిటైరయ్యాక నేను పిల్లలకు స్కాలర్‌షిప్ ఫారాలు నింపడంలో సాయం చేస్తున్నాను. మూడేళ్ల క్రితం గుణుపురం వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. కూతురు బాగా చదివే పిల్ల. తండ్రి లేడు. ఫారం ఆ పిల్లే నింపింది. తండ్రి వివరాల దగ్గర "డిసీజ్డ్" అని రాసింది. రాయాల్సింది "డిసీస్డ్". మొదటిదానికి అర్థం జబ్బుతో ఉన్నవాడు. రెండోదానికి అర్థం చనిపోయినవాడు. ఆ ఫారం చూసిన కమిటీవారు రూలు ప్రకారం ఉత్తరం రాశారు, తండ్రి జబ్బు ఏమిటో, చికిత్స ఎక్కడ జరుగుతోందో కాగితాలు పంపమని. ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని ఆ తల్లి నన్ను అడిగింది, "పోయిన మనిషికి నేను ఏ ఆసుపత్రి కాగితం తేవాలి బాబూ?" అని. ఆ పిల్ల పక్కనే తలవంచుకుని నిలబడి ఉంది. మరణ ధ్రువపత్రం జతచేసి, మాట పొరబాటుగా పడిందని ఇంకో ఉత్తరం రాయించాను. స్కాలర్‌షిప్ వచ్చింది, నాలుగు నెలలు ఆలస్యంగా.

ఈ రెండు మాటలూ ఎక్కడి నుంచి వచ్చాయో తెలిస్తే ఇక మరిచిపోరు. చనిపోయినవాడికి వాడే మాట డి ఇ సి ఇ ఎ ఎస్ ఇ డి. ఇది లాటిన్‌లో "వెళ్లిపోవడం" అనే మాట నుంచి వచ్చింది. మనమూ అంతే కదా. చచ్చిపోయాడు అనలేక, పోయారంటాం, వెళ్లిపోయారంటాం. లోకంలో ఎవరైనా ఈ మాట సూటిగా అనలేకపోయారన్నమాట. రెండోది డి ఐ ఎస్ ఇ ఎ ఎస్ ఇ డి. దీంట్లో చివరి "డి" తీసేసి రెండు ముక్కలు చేయండి. "డిస్" అంటే లేకపోవడం, "ఈజ్" అంటే సుఖం, నెమ్మది. నెమ్మది లేకపోవడమే డిసీజ్. మన అస్వస్థత అనే మాట కూడా సరిగ్గా ఇలాగే పుట్టింది, స్వస్థత లేకపోవడం. "ఈజ్" కనిపిస్తే జబ్బు, "సి" కనిపిస్తే మరణం అని గుర్తుపెట్టుకోండి. పలకడంలో కూడా ఒకదాంట్లో "జ" పలుకుతుంది, ఇంకొకదాంట్లో "స" పలుకుతుంది.

ఇప్పుడు కాస్త నవ్వుకునేది చెప్తాను. 1990ల మొదట్లో ఒక రైతు కుర్రాడు మిఠాయి పొట్లంతో బ్యాంకుకి వచ్చాడు. ఏదో ఆఫీసుకి ట్రైనింగు కోసం దరఖాస్తు పెట్టాడట, జవాబు వచ్చిందట. ఉత్తరం చేతిలో ఉంది. "ఎలిజిబుల్ అని వచ్చిందండీ!" అన్నాడు. తీసి చూశాను. ఐ ఎల్ ఎల్ ఇ జి ఐ బి ఎల్ ఇ. ఇల్లెజిబుల్. అంటే "నీ రాత చదవడానికి వీలుగా లేదు" అని. కొరాపుట్ వానల సంగతి మీకు తెలిసిందే. జూలైలో సిరా పెన్నుతో రాసి, గొడుగు లేకుండా పోస్టాఫీసుకి వెళ్లాడు. కాగితమంతా నీలం చెరువైంది. మిఠాయి తిన్నాం, అక్కడే కూర్చోబెట్టి బాల్‌పెన్నుతో మళ్లీ రాయించాం. ఆ మిఠాయి తిన్నందుకు ఆ మాత్రమైనా చేయాలి కదా.

ఎలిజిబుల్ అంటే అర్హత ఉన్నవాడు. ఇల్లెజిబుల్ అంటే చదవరానిది. ఇనెలిజిబుల్ అనేది మూడోది, అర్హత లేనివాడు. చిత్రం ఏమిటంటే ఇవన్నీ ఒక తల్లి పిల్లలే. లాటిన్‌లో లెగెరె అనే క్రియ ఉంది. దానికి మొదటి అర్థం ఏరడం. బియ్యంలో రాళ్లు ఏరినట్టు, చింతకాయలు ఏరుకున్నట్టు. పదిమందిలో ఒకణ్ణి ఏరితే ఎలిజిబుల్. కాగితం మీద అక్షరాలను కంటితో ఏరుకుంటే చదవడం, అక్కడ నుంచి లెజిబుల్. ఎలక్షన్, లెక్చర్ అనే మాటలు కూడా ఈ ఇంటివే. అందరూ ఒకే ఇంటివాళ్లు కాబట్టి ముఖాలు కలిశాయి, అందుకే పొరబడతాం.

తల్లిదండ్రులకు పనికొచ్చేది ఇప్పుడు చెప్తాను. చదువు అప్పు తీసుకున్న ఒక తండ్రికి బ్యాంకు నుంచి నోటీసు వెళ్లింది. "ప్రిన్సిపల్ అండ్ ఇంటరెస్ట్" అని ఉంది దాంట్లో. ఆయన వచ్చి, "కాలేజీ ఫీజు అంతా కట్టేశాం, మళ్లీ ప్రిన్సిపాల్‌గారికి బాకీ ఏమిటి?" అని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. బాకీలో అసలు అనేదాన్ని ఇంగ్లీషులో ప్రిన్సిపల్ అంటారు, కాలేజీ పెద్దనూ అదే మాటతో పిలుస్తారు. రెంటికీ చివర పి ఎ ఎల్. లాటిన్‌లో ప్రిన్‌కెప్స్ అంటే మొదటివాడు, ముఖ్యుడు. ప్రిన్స్ అనే మాట కూడా దాని నుంచే. కాలేజీలో మొదటివాడు ప్రిన్సిపాల్, అప్పులో మొదటిది అసలు, వడ్డీ దాని వెనక నడిచేది. ఇంకో ప్రిన్సిపుల్ ఉంది, చివర పి ఎల్ ఇ. అది నియమం, సూత్రం. మా బ్యాంకులోనే టైపు చేసిన ఉత్తరాల్లో అసలు బాకీ ఉన్నచోట పి ఎల్ ఇ పడేది. అంటే ఆ ఖాతాదారు రెండు కిస్తీల నియమం బాకీ పడ్డాడని అర్థం. డబ్బు సకాలంలో కట్టేవాడికి కూడా ఆ బాకీ ఉండొచ్చు, అది వేరే విషయం.

అప్పు గురించి మనవాళ్లు ఇంగ్లీషులో చేసే తప్పుకి కారణం మన తెలుగే. మనకు ఇచ్చినా అప్పే, తీసుకున్నా అప్పే. "అప్పిచ్చాను", "అప్పు చేశాను" అని క్రియ మార్చి సరిపెట్టుకుంటాం. ఇంగ్లీషులో ఇచ్చేవాడు లెండ్ చేస్తాడు, పుచ్చుకునేవాడు బారో చేస్తాడు. పిల్లలు పక్కవాడితో "పెన్ను బారో మీ" అంటారు. అది "నన్ను అప్పు పుచ్చుకో" అన్నట్టుంటుంది. బారో అనే మాట పాత ఇంగ్లీషులో హామీ, పూచీ అనే అర్థమున్న మాటకు చుట్టం. ఏదో ఒక పూచీ మీద తెచ్చుకున్నదే బారో. పూచీదారు లేనిదే అప్పు లేదని మేము కౌంటరు దగ్గర చెబితే జనానికి కోపం వచ్చేది. వెయ్యేళ్ల నుంచీ ఆ సంగతి మాటలోనే ఉంది. ఇక అప్పుకి డెట్ అని ఒక మాట ఉంది కదా, డి ఇ బి టి. దాంట్లో "బి" ఎందుకుందని ప్రతి పిల్లవాడూ అడుగుతాడు. పలకం, వినం, కానీ రాయాలి. మొదట్లో ఆ "బి" లేదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అది లేకుండానే వచ్చింది. తర్వాత పండితులు దీని తాత లాటిన్‌వాడు, ఆయన పేరులో "బి" ఉందని గుర్తుచేసుకుని మధ్యలో దూర్చారు. డెబిట్ అన్నప్పుడు ఆ "బి" పలుకుతుంది. రిసీట్‌లో "పి" కూడా ఇలాంటి పండితుల పనే. పరీక్షలో మార్కులు పోయినప్పుడు ఎవర్ని తిట్టుకోవాలో ఇప్పుడు తెలిసింది కదా.

క్యాష్ గురించి చెప్పకుండా బ్యాంకువాడి ప్రసంగం పూర్తికాదు. ఇంగ్లీషులో క్యాష్‌లు రెండు ఉన్నాయి. స్పెల్లింగూ ఒకటే. మనం రోజూ అనే క్యాష్ యూరప్ మాట. దానికి మూలంలో అర్థం పెట్టె. డబ్బు పెట్టె అని, పోనుపోను పెట్టె పోయి డబ్బు మిగిలింది. రెండో క్యాష్ మనది. దక్షిణాదిలో చెల్లిన చిన్న రాగి నాణెం కాసు. పోర్చుగీసువాళ్ల నోట పడి, వాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్ల నోట పడి, అది కూడా క్యాష్ అయింది. మద్రాసు లెక్కల్లో 80 కాసులు ఒక ఫనం, 42 ఫనాలు ఒక వరహా. ఈస్టిండియా కంపెనీ ఇంగ్లండులో కాసులు ముద్రించి ఓడల్లో మద్రాసుకి పంపేది. 1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ అలాంటి నాణేలతో బయలుదేరి ఇంగ్లండు తీరం దాటకుండానే తుఫానులో మునిగిపోయింది. చాలాకాలం తర్వాత గజ ఈతగాళ్లు ఆ నాణేలను పైకి తెచ్చారు. మా అమ్మ మెడలో కాసులపేరు ఉండేది. నా చదువుకి అందులో కొన్ని కాసులు కరిగాయి. క్యాష్ కౌంటరు మీద నా పేరు రాసిన పలక పెట్టినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

చెక్కు కథ ఇంకా దూరం నుంచి వచ్చింది. చదరంగంలో రాజుకి "చెక్" అంటారు. అది పారసీకంలో రాజు అనే అర్థమున్న షా అనే మాట. అక్కడ నుంచి అదుపుచేయడం, సరిచూడటం అనే అర్థాలు వచ్చాయి. చదరంగం బల్లలాగా గళ్లు గళ్లుగా ఉన్న గుడ్డ పరిచి ఇంగ్లండు రాజుగారి లెక్కలు చూసేవారు కాబట్టి ఖజానాకి ఎక్స్‌చెకర్ అని పేరు. బ్యాంకులో మోసం జరగకుండా సరిచూసుకోవడానికి ఉంచుకునే అడుగు చీటీని మొదట చెక్ అన్నారు. తర్వాత అది డబ్బులిచ్చే కాగితానికి పేరైంది. ఎక్స్‌చెకర్ స్పెల్లింగు పోలికతో సి హెచ్ ఇ క్యు యు ఇ అని రాయడం అలవాటైంది. అమెరికావాళ్లు సరిచూడటానికీ, బ్యాంకు కాగితానికీ ఒకటే స్పెల్లింగు వాడతారు, సి హెచ్ ఇ సి కె. మీరు కంప్యూటర్‌లో చెక్కు అని మన స్పెల్లింగు కొడితే కింద ఎర్రగీత పడితే భయపడకండి. ఆ కంప్యూటరు అమెరికా బడిలో చదువుకుంది, అంతే.

స్టేషనరీ అనే మాట చూడండి. చివర ఎ ఆర్ వై అయితే కదలకుండా ఉన్నది. చివర ఇ ఆర్ వై అయితే కాగితాలు, కలాలు. ఈ రెంటికీ సంబంధమేమిటి? మీలో కుందులి సంతకి వెళ్లినవాళ్లు ఉంటారు. సంతలో సరుకు దించి, సాయంత్రానికి మూటకట్టి వెళ్లిపోతారు. పాతకాలపు యూరప్‌లో వ్యాపారులు ఎక్కువమంది అలా ఊరూరా తిరిగేవాళ్లే. విశ్వవిద్యాలయాల దగ్గర పుస్తకాలు అమ్మేవాళ్లు మాత్రం ఒకచోట కొట్టు పెట్టుకుని కూర్చునేవారు. కదలనివాడు కాబట్టి స్టేషనర్ అన్నారు, వాడు అమ్మేది స్టేషనరీ అయింది. స్టేషనర్ చివర ఇ ఆర్, పేపర్ చివర ఇ ఆర్. అది పట్టుకుంటే చాలు.

మైనర్ సంగతి ఈ జిల్లాలో పుట్టిందే. దమన్‌జోడిలో నాల్కో వచ్చాక, 1981లో ఆ కంపెనీ ఏర్పడింది, పంచపట్మలి కొండ మీద బాక్సైట్ గనులు తవ్వడం మొదలయ్యాక, మా దగ్గరకు వచ్చే ఫారాల్లో మైనర్లు రెండు రకాలయ్యారు. వయసు చాలనివాడు ఎం ఐ ఎన్ ఓ ఆర్. గనిలో పనిచేసేవాడు ఎం ఐ ఎన్ ఇ ఆర్. ఒక తండ్రి కొడుకు పేరు మీద ఖాతా తెరుస్తూ మైనర్ దగ్గర "ఇ" పెట్టాడు, పుట్టిన తేదీ చూస్తే పిల్లవాడికి ఆరేళ్లు. ఆరేళ్లవాణ్ణి గనిలో దించారా అని అడిగితే ఆయనకు ముచ్చెమటలు పోశాయి. వయసు మైనర్ లాటిన్‌లో "తక్కువ, చిన్న" అనే మాట. మైనస్ కూడా దాని చుట్టమే. తెలుగులో మైనరు అంటే పట్టు చొక్కా తొడుక్కుని సెంటు రాసుకుని తిరిగేవాడు. ఆ అర్థం మాత్రం ఫారంలో పనికిరాదు, మైనరు గొలుసు వేసుకున్నా సరే.

కొన్ని జంటలు త్వరగా చెప్పేస్తాను, టైమవుతోందని అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. అడ్వైస్‌లో "సి" ఉంటే సలహా, "ఎస్" ఉంటే సలహా ఇవ్వడం. ప్రాక్టీస్, లైసెన్స్ కూడా ఇంతే, "సి" నామవాచకం, "ఎస్" క్రియ. పర్సనల్ అంటే సొంత విషయం, చివర ఎన్ ఎల్ మధ్యలో "ఇ" వస్తే, రెండు ఎన్‌లు పడితే, సిబ్బంది. కాంప్లిమెంట్ మధ్యలో "ఐ" ఉంటే పొగడ్త, "ఇ" ఉంటే లోటు పూరించేది. లూజ్ అంటే వదులు, రెండు ఓలు. పోగొట్టుకోవడానికి ఒక ఓ చాలు. ఒకటి పోయిందనుకోండి.

ఇవన్నీ విని, ఈ ఇంగ్లీషు మనకు అచ్చిరాదని ఏ పిల్లవాడైనా అనుకుంటే, ఇంగ్లీషువాడు మన దగ్గర చేసిన పొరబాటు ఒకటి వినండి. మన పందికొక్కు ఉంది కదా, ధాన్యం గాదెల కింద బొరియలు చేసేది. ఆ తెలుగు మాటే ఇంగ్లీషులో బాండికూట్ అయింది. ఇంగ్లీషు నిఘంటువు తెరిచి చూస్తే మూలం తెలుగు అని ఉంటుంది. తర్వాత వాళ్లు ఆస్ట్రేలియా వెళ్లారు. అక్కడ కంగారూలాగా పొట్టసంచిలో పిల్లల్ని మోసే చిన్న జంతువు ఒకటి కనిపిస్తే, పందికొక్కులా ఉందని దానికీ బాండికూట్ అని పేరు పెట్టేశారు. దానికీ ఎలుకజాతికీ ఏ సంబంధమూ లేదు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. మన భాషనే వాళ్లు చాలాకాలం జెంటూ అని పిలిచారు. అది పోర్చుగీసువాళ్లు క్రైస్తవులు కానివాళ్లను అనే మాట. మద్రాసులో అది తెలుగువాళ్లకు, తెలుగు భాషకు అంటుకుంది. వాళ్లు తప్పు చేస్తే అది నిఘంటువుకి ఎక్కుతుంది. మనం తప్పు చేస్తే ఫారం తిరిగి వస్తుంది.

ఇప్పుడు డ్రాఫ్టులు దాదాపు పోయాయి. ఫారాలు ఫోన్లోనే నింపుతున్నారు. మరి ఊరి పేరు గొడవ తీరిందా అంటే, లేదు. పోయిన నెల మన ట్రస్టు విద్యార్థిని ఒకమ్మాయి నా ఎదుటే ఒక ఫారం నింపుతోంది. బ్యాంకు శాఖ ఉన్న ఊరు ఎంచుకోమంటే జాబితా తెరుచుకుంది. జాజ్‌పూర్, జైపూర్, జయపురం. ఒకదాని కింద ఒకటి, వేలి వెడల్పు కూడా లేని దూరంలో. ఆ అమ్మాయి వేలు మధ్యలో దాని మీద పడింది. నేను చూస్తూ ఊరుకున్నాను, ఏం చేస్తుందో అని. తను ఆగింది, స్క్రీను మీద వేలు ఆనించకుండా కొంచెం పైన పట్టుకుని, జె, ఎ, ఐ అని గొణుక్కుంటూ చదివింది. "అబ్బ, ఇది కాదు తాతగారూ" అని కిందకు జరిగింది. 1984లో నా కౌంటరు మీద వేలు పెట్టినాయన నాకు గుర్తొచ్చాడు. ఆ అమ్మాయికి ఆ కథ అప్పటికి చెప్పలేదు, ఇప్పుడు వింటోంది.

ఈ ఏడాది ఫారాలు ఇంకా పంపనివాళ్లు ఉంటే, సభ అయ్యాక హాలు వెనక, మంచినీళ్ల కుండల పక్కన బల్ల వేసుకుని కూర్చుంటాను. ఆధార్ కార్డు, మార్కుల జాబితా వెంట తెచ్చుకోండి. పేరు రెంటిలోనూ ఒకేలా ఉందో లేదో ముందు చూద్దాం. 2011కి ముందు ఇచ్చిన సర్టిఫికెట్లలో రాష్ట్రం పేరు ఒరిస్సా అనే ఉంటుంది, దానికి భయపడనక్కర్లేదు, కొట్టివేసి దిద్దవద్దు. కాగితం ఫారాలైతే ముందు పెన్సిల్‌తో నింపి తీసుకురండి, పెన్ను నా దగ్గరుంది.